మస్టాంగ్ వెనక డిఫరెన్షియల్: ఆయిల్ మార్చాలా, క్లచ్ ప్లేట్లు వేయించాలా, డిఫే మార్చేయాలా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ జీటీ (ఫోర్డ్ వారి వీ8 స్పోర్ట్స్ కారు) కొన్న మనవాళ్ల దగ్గర రెండు రకాల ఫిర్యాదులు వింటుంటాను. మొదటిది: "పార్కింగ్ లాట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వస్తుంటే వెనక నుంచి గరగరమని చప్పుడు, బండంతా అదురుతోంది. డిఫరెన్షియల్ పోయిందా?" రెండోది: "చప్పుడేం లేదు గానీ, వాన పడ్డ రోజు సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కితే కుడి వెనక టైరొక్కటే గిర్రున తిరుగుతోంది." మొదటివాళ్లు భయపడి షాపుకెళ్లి డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల అమరిక, వాడుకలో డిఫ్) లోపలి క్లచ్ ప్లేట్లు మార్పించుకుంటారు. రెండోవాళ్లు ఆయిల్ మార్చి ఊరుకుంటారు. చాలా బండ్లకు చేయాల్సింది దీనికి పూర్తిగా ఉల్టా.

గరగరలాడే డిఫ్‌లో ప్లేట్లు ఇంకా పట్టుకుంటున్నాయి. పట్టాక సాఫీగా జారడం లేదు, అంతే తేడా. నోరెత్తకుండా తిరిగే డిఫ్‌లో పట్టుకోవడానికి ఏమీ మిగిలి ఉండకపోవచ్చు. అందుకే చెవితో విని ఆప్షన్ ఎంచుకోవద్దంటాను. ఒక టార్క్ రెంచ్, ఒక జాకీ, ఒక అరపూట సమయం ఉంటే మీ డిఫ్ ఏ స్థితిలో ఉందో అంకె రూపంలో తెలుస్తుంది. ఆ అంకె వచ్చాకే కింద చెప్పే ఆప్షన్లలో ఏదన్నది తేల్చుకోండి.

ముందు మీ బండిలో ఏముందో చూసుకోండి

ఇక్కడ చెప్పేదంతా ఫోర్డ్ 8.8 యాక్సిల్ గురించి. 8.8 అంటే లోపలి రింగ్ గేర్ వ్యాసం, అంగుళాల్లో. 1986 నుంచి 2014 దాకా వీ8 మస్టాంగ్‌ల వెనక ఉన్నది ఇదే. వీ6 బండ్లకు 2010 వరకు చిన్నదైన 7.5 వచ్చేది, 2011 నుంచి వాటికీ 8.8 ఇచ్చారు. ఇందులో వచ్చే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా రెండోదానికీ తిప్పే బలం, అంటే టార్క్, పంపే రకం) పేరు ట్రాక్షన్-లాక్, వాడుకలో ట్రాక్-లాక్. 2015 నుంచి మస్టాంగ్ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, సూపర్ 8.8 వచ్చాయి. 2016లో ఇండియాలో అమ్మకానికి వచ్చిన మస్టాంగ్ కూడా ఆ తరానిదే. వాటికి ఈ కొలతలు, ఈ పార్టులు పట్టుకెళ్లి పెట్టకండి.

పాత బండ్లలో యాక్సిల్ కవర్ బోల్టు కింద చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది. దాని మీద 3ఎల్73 అని ఉంటే 3.73 గేర్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ వైపు షాఫ్టు తిరిగే చుట్లు), లిమిటెడ్ స్లిప్ అన్నమాట. మధ్యలో ఆ ఎల్ అక్షరం లేకుండా 3.73 అనే ఉంటే అది ఓపెన్ డిఫ్, అంటే పట్టుకునే ప్లేట్లు లేని మామూలు రకం. ట్యాగ్ పోయినా, మధ్యలో ఎవరైనా యాక్సిల్ మార్చేసినా డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌లోని యాక్సిల్ కోడ్‌ని నమ్మలేం. కవర్ తీసి చూడాల్సిందే.

ఇంకో విషయం స్ప్లైన్లు, అంటే డిఫ్ గేరులో కూర్చునేందుకు షాఫ్టు చివర ఉండే పళ్లు. 2004 వరకు మామూలు జీటీల యాక్సిల్ షాఫ్టులకు 28 స్ప్లైన్లు, 2005 నుంచి 31. 2003-04 కోబ్రాకి (మస్టాంగ్‌లోనే పవర్ ఎక్కువున్న మోడల్) 31 వచ్చాయి. ఇది ఇప్పుడు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డిఫ్ మొత్తం మార్చాలనుకున్న రోజు ముందుగా అడిగే ప్రశ్న ఇదే.

లోపల జరిగేది

ఓపెన్ డిఫ్‌లో ఉండే సైడ్ గేర్లు, వాటి మధ్య చిన్న స్పైడర్ గేర్లు (మన లారీ మెకానిక్‌లు స్టార్ పినియన్లు అనేవి) ఇందులోనూ ఉంటాయి. అదనంగా ప్రతి సైడ్ గేరు వెనకా ఒక క్లచ్ ప్యాక్ ఉంటుంది: ఫ్రిక్షన్ ప్లేటు, ఉక్కు ప్లేటు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతర. ఫ్రిక్షన్ ప్లేట్ల లోపలి పళ్లు సైడ్ గేరుతో కలిసి తిరుగుతాయి. ఉక్కు ప్లేట్ల చెవులు డిఫ్ కేసులోని గాడుల్లో కూర్చుంటాయి. రెండు సైడ్ గేర్ల మధ్య ఎస్ ఆకారంలో ఒక స్ప్రింగు ఉండి, గేర్లను బయటికి నెట్టి, దొంతరలను కేసుకేసి అదుముతుంది. ఈ అదుమే ఎప్పుడూ ఉండే పట్టు, దీన్నే ప్రీలోడ్ అంటారు. మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పైడర్ గేర్ల ఒత్తిడి సైడ్ గేర్లను ఇంకా బయటికి తోస్తుంది, పట్టు ఇంకా పెరుగుతుంది.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. అప్పుడు ఈ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారాలి. అంటే మీరు తీసుకునే ప్రతి మలుపూ వాటిని కొంచెం అరగదీస్తుంది. వెనక రెండు టైర్లూ ఒకే సైజు, ఒకేలా అరిగినవి కాకపోతే తిన్నని హైవే మీద కూడా ఆ జారుడు ఆగదు. పంక్చరైనప్పుడు సన్న స్టెప్నీ వెనక చక్రానికి తగిలించి ఊళ్లు తిరిగేవాళ్లు తమ క్లచ్ ప్లేట్లను తామే తినేస్తున్నట్టు. పంక్చర్ వెనకదైతే ముందు చక్రం ఒకటి వెనక్కి మార్చి, స్టెప్నీని ముందు వేయండి. నాలుగు టైర్లూ ఒకే సైజున్న బండికి మాత్రమే ఇది కుదురుతుంది, అది గుర్తుంచుకోండి.

ప్లేట్లు చాలా నెమ్మదిగా జారేటప్పుడు పట్టి-వదిలి, పట్టి-వదిలి అన్నట్టు ఆడతాయి. ఆ గరగర అదే. దాన్ని ఆపడానికే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలుపుతారు. ఫోర్డ్‌ది మోటర్‌క్రాఫ్ట్ ఎక్స్‌ఎల్-3, 4 ఔన్సుల సీసా, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు.

కొలవడం

రెండు వెనక చక్రాలూ పైకెత్తి, న్యూట్రల్‌లో పెట్టి, ఒకటి చేత్తో తిప్పే పరీక్ష అందరికీ తెలుసు. రెండోది కూడా అదే దిక్కున తిరిగితే లిమిటెడ్ స్లిప్, ఎదురు దిక్కున తిరిగితే ఓపెన్ అంటారు. ఇందులో సగమే నిజం. బాగా అరిగిపోయిన ట్రాక్-లాక్ కూడా ఎదురు దిక్కుకు తిరుగుతుంది. క్లచ్‌లు లేకుండా గేర్ల మీద నడిచే టోర్సెన్, ట్రూట్రాక్ లాంటి డిఫ్‌లు కొత్తవైనా అలా తిరగొచ్చు. సంత బేరంలో పాత బండిని చూసేటప్పుడు ఈ పరీక్ష పనికొస్తుంది, డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి చాలదు.

పనికొచ్చేది బ్రేక్‌అవే టార్క్, అంటే ప్లేట్ల పట్టు వదిలి చక్రం కదలడానికి పట్టే బలం. ముందు చక్రాలకు రెండు వైపులా గట్టి అడ్డు పెట్టండి. ఒక వెనక చక్రం నేల మీదే ఉండాలి, రెండోది జాకీతో లేపి స్టాండ్ పెట్టాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలదే కాబట్టి దాన్ని వదలకపోతే మీరు కొలిచేది బ్రేకునే. ఎత్తిన చక్రం తీసి, స్టడ్‌ల మీద ఒక అడాప్టర్ ప్లేటు బిగించి, దాని మధ్యలో ఉన్న నట్టుకు టార్క్ రెంచ్ తగిలించి తిప్పాలి. వెల్డింగ్ తెలిసినవాళ్లు పాత ఇనుప పట్టీకి రెండు రంధ్రాలు వేసి, మధ్యలో పెద్ద నట్టు అతికించి ఈ ప్లేటు చేసేసుకుంటారు. నట్టు సరిగ్గా హబ్ కేంద్రానికి రావాలి, అంతే.

టార్క్ రెంచ్ క్లిక్‌మనేది వద్దు, ముల్లు చూపించేది కావాలి. క్లిక్ రెంచ్ ఒక్క పాయింటే చెబుతుంది. ఇక్కడ మీకు రెండు సంగతులు తెలియాలి: కదలడానికి ఎంత పట్టింది, కదిలాక ఎంత దగ్గర నిలిచింది. ఫోర్డ్ సర్వీస్ మాన్యువల్ లెక్క ప్రకారం కనీసం 20 ఫుట్-పౌండ్లు (27 న్యూటన్ మీటర్లు) ఉండాలి. మొదట కదలడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టినా ఫరవాలేదు. కదిలాక మాత్రం జారిపోకుండా, ఎక్కడా బిగుసుకోకుండా ఒకే ఒత్తిడితో తిరగాలి.

నేను ఆ ముల్లును చదివే తీరు ఇది. 20 లోపు చూపిస్తే ప్లేట్లు అయిపోయాయి, ఏ ఆయిలూ వాటిని బతికించదు. 20 దాటి, ముల్లు నిలకడగా ఉండి, మీ ఫిర్యాదు గరగర మాత్రమే అయితే ప్లేట్ల జోలికి వెళ్లొద్దు, ఆయిల్‌తో మొదలుపెట్టండి. అంకె బాగానే ఉన్నా తిప్పేటప్పుడు ముల్లు పైకీ కిందికీ గంతులు వేస్తుంటే ప్లేట్లు ఎక్కడో కాలి, గాజులా నున్నబడ్డాయని అనుమానించాలి. 20 మీద అంచున ఉండి, మీరు ఏటా రెండు మూడు ట్రాక్ డేలకు (రేస్ ట్రాక్ మీద సొంత బండి నడిపే రోజులు) వెళ్లేవాళ్లైతే ఈ సీజన్‌లోనే అది కిందికి దిగుతుంది, ప్లేట్లకు సిద్ధంగా ఉండండి. మాన్యువల్ చెప్పేది కనీస హద్దు. కొత్తగా పేర్చిన ప్యాక్ దానికి చాలా పైన ఉంటుంది.

ఒక హెచ్చరిక. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండికి ఒక్క వెనక చక్రమే లేపి, ఇంజన్ ఆన్ చేసి గేరు వేయకండి. నేల మీదున్న చక్రానికి కూడా టార్క్ వెళ్తుంది, బండి స్టాండ్ మీద నుంచి దూకేస్తుంది.

మొదటి ఆప్షన్: ఆయిల్, మాడిఫయర్

అన్నిటికన్నా చౌక. ముల్లు బాగుండి గరగర ఉన్నవాళ్లకు ఇదే మందు. పాత ఆయిల్‌లో మాడిఫయర్ సత్తా పోయి ఉండొచ్చు, లేదా పోయినసారి ఆయిల్ మార్చినవాళ్లు దాన్ని అసలు కలపకపోయి ఉండొచ్చు. రెండోదే ఎక్కువ చూస్తుంటాం.

8.8కి చాలా బండ్లలో డ్రెయిన్ ప్లగ్ ఉండదు. కవర్ విప్పితేనే ఆయిల్ దిగుతుంది. అందుకే కవర్ మీద చెయ్యి వేసేముందు ఫిల్ ప్లగ్ వదులుతోందో లేదో చూడండి. దానికి 3/8 అంగుళాల రాచెట్ నేరుగా పడుతుంది. పాత ఆయిల్ పారబోసేశాక ఫిల్ ప్లగ్ తుప్పు పట్టి రాలేదంటే బండి స్టాండ్ల మీదే ఉండిపోతుంది.

కవర్ తీయడం నష్టం కాదు, లోపల చూసే అవకాశం. గిన్నెలో పడ్డ మురికిని వేళ్ల మధ్య రుద్దండి. నల్లటి మెత్తని జిగురులా ఉండి, అయస్కాంతానికి అంటకపోతే అది ఫ్రిక్షన్ ప్లేట్ల లైనింగ్. సన్నటి బూడిదరంగు పేస్టు అయస్కాంతానికి అంటితే మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే పొలుసులు, పళ్ల ముక్కలు దొరికితే క్లచ్‌ల సంగతి పక్కన పెట్టి ముందు గేర్లు, బేరింగులు చూడాలి.

ఆయిల్ గ్రేడ్ బండి ఏడాదిని బట్టి మారుతుంది. పాత మస్టాంగ్‌లకు 80డబ్ల్యూ-90, తర్వాతి వాటికి సింథటిక్ 75డబ్ల్యూ-140. ఓనర్స్ మాన్యువల్‌లో ఏది రాశారో అదే పోయండి. మాడిఫయర్ ఇప్పటికే కలిసి ఉందని డబ్బా మీద రాసిన ఆయిళ్లు కూడా దొరుకుతాయి. వాటిలో మళ్లీ సీసా నిండా ఎక్స్‌ఎల్-3 పోస్తే పట్టే తగ్గిపోతుంది. ముందు ఆయిల్ ఒక్కదానితో నడిపి చూసి, గరగర ఉంటేనే కొంచెం కొంచెం కలపండి.

పోశాక ఖాళీ పార్కింగ్ లాట్ చూసుకుని, మెల్లగా ఎనిమిది అంకె ఆకారంలో పది పన్నెండు చుట్లు తిప్పండి. కొత్త ఆయిల్ ప్లేట్ల మధ్యకి చేరాలంటే ప్లేట్లు జారాలి, అవి జారాలంటే బండి మలుపు తిరగాలి. ఆయిల్ పోసి నేరుగా హైవే ఎక్కి, "గరగర తగ్గలేదు" అనేవాళ్లు ఈ మెట్టు ఎగ్గొట్టినవాళ్లే.

రెండో ఆప్షన్: ప్లేట్లు మార్చడం

ముల్లు 20 లోపు ఉన్న ఇంటివాడకం బండికి నా ఓటు దీనికే. కారణం ఖర్చు ఒక్కటే కాదు. ప్లేట్లు మార్చడానికి డిఫ్ కేసుని హౌసింగ్ (యాక్సిల్ బయటి పెట్టె) నుంచి బయటికి తీయక్కర్లేదు. కవర్ తీసిన సందులోంచే పని అయిపోతుంది. అంటే క్రౌన్ (రింగ్ గేరు), దాన్ని తిప్పే పినియన్‌ల సెట్టింగ్ చెక్కు చెదరదు. ఇక్కడే ఇది మిగతా పెద్ద ఆప్షన్లను దాటేస్తుంది.

పని ఇలా ఉంటుంది. రెండు చక్రాలు, బ్రేకులు తీశాక డిఫ్‌లో అడ్డంగా ఉండి స్పైడర్ గేర్లను మోసే పినియన్ షాఫ్టును పట్టుకునే చిన్న లాక్ బోల్టు విప్పాలి. ఈ పని మొత్తానికి గండం అదే. తల చిన్నది, 5/16 అంగుళాలు. పోయినసారి ఎవరైనా థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పూసే జిగురు) దట్టంగా పూసి ఉంటే మెడ దగ్గర తెగి కూర్చుంటుంది. పన్నెండు మూలల సాకెట్ వద్దు, ఆరు మూలలది వాడండి. ముందు హీట్ గన్‌తో వెచ్చబెట్టి, మెల్లగా ఒత్తిడి పెంచండి. దీనికి కొత్త బోల్టు ముందే కొని దగ్గర పెట్టుకోండి, పాతది మళ్లీ వేయొద్దు.

షాఫ్టు బయటికి లాగాక యాక్సిళ్లను లోపలికి నెడితే చివర ఉన్న సీ-క్లిప్పులు రాలతాయి. ఇక యాక్సిళ్లను పట్టి ఉంచేది ఏమీ లేదు, వాటిని బయటికి జరపొచ్చు. తర్వాత ఎస్ స్ప్రింగు. దీన్ని ఇత్తడి డ్రిఫ్టుతో తట్టి బయటికి తేవాలి. అది ఒత్తిడిలో ఉంటుంది, వదిలినప్పుడు ఎగిరి మొహం మీదికి వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రింగు మీద దట్టమైన గుడ్డ కప్పండి. స్ప్రింగు పోయాక సైడ్ గేరును తిప్పుతుంటే స్పైడర్ గేర్లు రెండూ కిటికీ దగ్గరికి నడిచి వస్తాయి. వాటి వెనక థ్రస్ట్ వాషర్లు ఏది ఏ వైపుదో కలవకుండా పెట్టుకోండి. చివరగా సైడ్ గేర్లు, వాటి వెంటే ప్యాక్‌లు, ఉక్కు ప్లేట్ల చెవులకు ఉండే చిన్న క్లిప్పులు, అడుగున ఒక షిమ్ (మందం సరిచేసే పల్చటి రింగు).

ఇక్కడ ఆగి ఫొటో తీయండి. ప్లేట్లు ఏ వరసలో వచ్చాయో, షిమ్ ఏ వైపుది ఎంత మందమో కాగితం మీద రాసుకోండి. పాతికేళ్ల బండిలో పోయినసారి చెయ్యి పెట్టినవాళ్లు వేసిన వరస ఫ్యాక్టరీ వరసే కానక్కర్లేదు, కిట్ కాగితంతో పోల్చుకోండి. పాత ఉక్కు ప్లేట్లను వెలుతురులో అటూ ఇటూ వాల్చి చూస్తే నీలిమచ్చలు కనిపిస్తాయి. అవి వేడి ముద్రలు. మచ్చలున్న ప్లేట్ల మీద కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు వేస్తే గరగర కొనుక్కున్నట్టే. కిట్‌లో రెండు రకాలూ వస్తాయి, రెండూ మార్చేయండి.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను పొడిగా వేయకూడదు. ఒక గిన్నెలో మాడిఫయర్ పోసి, కనీసం 15-20 నిమిషాలు నానబెట్టాలి. నేనైతే అరగంట ఉంచుతాను. ఊరగాయ ముక్కలకు నూనె పట్టించినట్టు ప్రతి ప్లేటుకీ రెండు వైపులా అంటేలా తిప్పుతుండాలి. ప్లేట్లు తాగగా గిన్నెలో మిగిలింది ఆయిల్‌లో కలిపేయొచ్చు.

షిమ్ దగ్గర తెలివి ఎక్కువ ఉపయోగించాలి. ఫోర్డ్ పద్ధతిలో గేజ్ టూలుతో కొలిచి, కొత్త దొంతరకు సరిపోయే షిమ్ ఎంచుతారు. ఆ టూలు లేనివాళ్లు పాత షిమ్ మందం, కొత్త దొంతర మందం మైక్రోమీటర్‌తో కొలిచి దగ్గరికి తెచ్చుకుంటారు. షిమ్ మందమైతే పట్టు పెరుగుతుంది, దాంతోపాటు గరగరా పెరుగుతుంది, స్పైడర్ గేర్లను మళ్లీ లోపలికి నడిపించడానికి ప్రాణం పోతుంది. పల్చనైతే పట్టు చాలదు. స్పైడర్ గేర్లు చేత్తోనే సులువుగా తిరిగి కూర్చుంటే సంతోషించకండి, ప్యాక్ వదులుగా ఉందని అర్థం.

యాక్సిళ్లు బయటికి వచ్చాయి కాబట్టి బేరింగ్ కూర్చునే చోట వేలు పెట్టి తడమండి. 8.8లో ఆ రోలర్ బేరింగు నేరుగా యాక్సిల్ షాఫ్టు మీదే నడుస్తుంది. గోరుకు తగిలే గుంతలుంటే షాఫ్టు పని అయిపోయినట్టే. సీళ్లు ఎలాగూ కొత్తవే వేయాలి. వాటిని వదిలేసి అన్నీ బిగించాక ఆయిల్ బ్రేకుల మీదికి కారితే ఈ పనంతా మళ్లీ మొదలు.

బిగించాక, ఆయిల్ పోయకముందే బ్రేక్‌అవే కొలవండి. ఎనిమిది అంకె చుట్లు అయ్యాక మళ్లీ కొలవండి. మొదటి కొలత కాస్త ఎక్కువగా వచ్చి రెండోది దిగడం మామూలే.

కార్బన్ ప్లేట్లు, ఒక ప్లేటు ఎక్కువ వేసే చిట్కా

2012 బాస్ 302కి (ట్రాక్ కోసం తయారైన మస్టాంగ్) ఫోర్డ్ తన 3.73 యాక్సిల్‌లో కార్బన్ ఫైబర్ ప్లేట్లు వేసింది. మన్నిక కోసమే. మీరు ప్యాక్‌లు విప్పే శ్రమ ఎలాగూ పడుతున్నారు, లేబర్ ఒకటే. బండి తరచూ ట్రాక్ మీదికి వెళ్తుంటే, లేదా ఇంజన్ పవర్ పెంచి ఉంటే మామూలు కిట్‌కి బదులు కార్బన్ కిట్ తీసుకోవడంలో అర్థముంది. ఆఫీసుకి, ఇండియన్ స్టోర్‌కి తిరిగే బండికి ఆ తేడా డబ్బు దండగ. కార్బన్‌కి మాడిఫయర్ అక్కర్లేదన్న మాట కొందరి నోట వినిపిస్తుంది, దాన్ని పట్టుకోకండి. కిట్ తయారీదారు ఏం చెబితే అదే చేయండి.

ఇంకో చిట్కా: ప్రతి వైపూ ఒక ఉక్కు ప్లేటు తీసేసి, దాని చోట ఇంకో ఫ్రిక్షన్ ప్లేటు వేయడం. రాపిడి తలాలు పెరుగుతాయి, పట్టు పెరుగుతుంది. డ్రాగ్ స్ట్రిప్ మీద తిన్నగా దూసుకుపోయే బండికి బాగుంటుంది. నాకు మాత్రం రోజువారీ బండిలో ఇది నచ్చదు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రోజూ రెండుసార్లు గరగర వినిపిస్తుంటే ఆ అదనపు పట్టు ఎందుకా అనిపిస్తుంది. పైగా మంచు కురిసే ఊళ్లలో పట్టు మరీ ఎక్కువైతే రెండు టైర్లూ ఒకేసారి పట్టు తప్పి బండి వెనకభాగం పక్కకు జారుతుంది. మిన్నెసోటాలో, మిషిగన్‌లో ఉన్నవాళ్లు ఇది బాగా ఆలోచించుకోవాలి.

డిఫ్ మార్చేయడం: ట్రూట్రాక్, టోర్సెన్

ఈటన్ ట్రూట్రాక్‌లోనూ, టోర్సెన్‌లోనూ క్లచ్‌లు లేవు. హెలికల్ గేర్లే పని చేస్తాయి. అరిగే ప్లేట్లు లేవు, మాడిఫయర్ లేదు, గరగర లేదు. మలుపులోంచి బయటికి వస్తూ తొక్కినప్పుడు పట్టు సాఫీగా పెరుగుతుంది, వదిలితే సాఫీగా తగ్గుతుంది. నడపడానికి ట్రాక్-లాక్ కన్నా హాయిగా ఉంటాయనడంలో నాకు అనుమానం లేదు. బాస్ 302కి టోర్సెన్‌ను ఫోర్డే ఆప్షన్‌గా ఇచ్చింది.

మరి అందరూ ఇదే ఎందుకు వేయించుకోరు? మొదటి కారణం ఖర్చు. డిఫ్ ధరే ప్లేట్ల కిట్‌కి కొన్ని రెట్లు. దాని మీద లేబర్. డిఫ్ కేసు మారితే రింగ్ గేరు కొత్త కేసుకి బిగించాలి, క్యారియర్ బేరింగులు, షిమ్‌లు మళ్లీ చూడాలి, బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) కొలవాలి. 8.8కి అది 0.008 నుంచి 0.015 అంగుళాల మధ్య రావాలి, డయల్ గేజ్ తప్పనిసరి. సరిగ్గా సెట్ చేయని షాపు చేతిలో పడితే 60 మైళ్ల దగ్గర వినిపించే గేరు ఊళ కొత్తగా మీ ఇంటికి వస్తుంది. వదులైన క్లచ్‌ల కన్నా ఆ ఊళతో బతకడం కష్టం.

రెండో కారణం వీటి స్వభావం. ఇవి తక్కువ పట్టున్న చక్రం మోయగలిగిన టార్క్‌ని గుణించి రెండోదానికి ఇస్తాయి. ఒక చక్రం గాల్లో ఉంటేనో, నల్లటి మంచు మీద ఉంటేనో గుణించడానికి ఏమీ ఉండదు, దాదాపు ఓపెన్ డిఫ్‌లాగే తిరుగుతుంది. కాస్త బ్రేకు నొక్కి పట్టి తొక్కితే పని జరుగుతుంది గానీ, అది అలవాటు చేసుకోవాలి. స్ప్రింగు అదుము ఉన్న ట్రాక్-లాక్‌కి ఈ ఇబ్బంది తక్కువ.

ఆయిల్ సంగతి కూడా అడగండి. ట్రూట్రాక్‌కి ఈటన్ సిఫారసు చేసేది మాడిఫయర్ లేని మామూలు మినరల్ గేర్ ఆయిల్, సింథటిక్ కాదు. ఖరీదైనది కదా అని ఖరీదైన ఆయిల్ పోయించేస్తారు చాలామంది. ఆర్డర్ చేసేముందు 28 స్ప్లైనా, 31 స్ప్లైనా చూసుకోండి, రెండూ దొరుకుతాయి.

నా లెక్కలో ఇది ఎవరికి? బండిని ఇంకో పదేళ్లు ఉంచుకునేవాళ్లకి, రోడ్ కోర్స్ ట్రాక్ మీద మలుపులు ఎక్కువ తిరిగేవాళ్లకి, లేదా గేర్ రేషియో మార్చడానికి 3.27 నుంచి 3.73కో 4.10కో ఎలాగూ హౌసింగ్ విప్పుతున్నవాళ్లకి. మూడోవాళ్లకైతే దాదాపు తప్పనిసరి అంటాను. సెట్టింగ్ లేబర్ ఎలాగూ కడుతున్నారు, అరిగిన ట్రాక్-లాక్‌ని అదే కేసులో తిరిగి పెట్టించుకోవడంలో అర్థం లేదు.

జంక్‌యార్డ్ దారి

1991-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీల 8.8కి 31 స్ప్లైన్ షాఫ్టులు, 1995 నుంచి డిస్కు బ్రేకులు. జంక్‌యార్డ్‌లో (పాత బండ్ల పార్టులు అమ్మే చోట) తిరిగేవాళ్లు దీనికోసం వెతుకుతారు. ట్యాగ్ మీద ఎల్ ఉన్నంత మాత్రాన అందులోని ప్లేట్లు బాగున్నట్టు కాదు, అవీ ఇరవై ముప్పై ఏళ్లు తిరిగినవే. దాన్ని తెచ్చినా మళ్లీ కిట్ వేయాలి. పైగా మీ షాఫ్టులు 28 స్ప్లైనైతే ఆ డిఫ్‌తో కుదరవు. కాబట్టి ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ మొత్తం వాడుకునే పాత ట్రక్కుల, జీపుల వాళ్లకు మంచి బేరం. మస్టాంగ్ డిఫ్ ఒక్కటే కావాల్సినవాళ్లకు కాదు.

డెట్రాయిట్ లాకర్, స్పూల్, స్పైడర్ గేర్లకు వెల్డింగ్ కొట్టించడం (మూడూ రెండు చక్రాలనూ కలిపి తిప్పే పద్ధతులు) గురించి కూడా అడుగుతుంటారు. రోడ్డు మీద తిరిగే మస్టాంగ్‌కి మూడూ వద్దు.

థార్ ఉన్నవాళ్లకు ఒక మాట

హైదరాబాద్, విజయవాడల్లో మహీంద్రా థార్ ఉన్నవాళ్లు కొందరు ఇదే పద్ధతి తమ వెనక డిఫ్‌కి వర్తిస్తుందా అని అడుగుతారు. కొన్ని థార్ వేరియంట్లలో వచ్చే ఈటన్ మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్‌లోనూ క్లచ్ ప్లేట్లు ఉన్నాయి, కానీ అది పని చేసే తీరు వేరు. రెండు చక్రాల వేగాల మధ్య తేడా సుమారు 100 ఆర్‌పీఎం దాటినప్పుడు లోపలి గవర్నర్ బరువులు విచ్చుకుని దాన్ని లాక్ చేస్తాయి. బండి వేగం గంటకు 30 కిలోమీటర్ల పైచిలుకు ఉంటే లాక్ కాదు. అంటే మామూలుగా తిరిగేటప్పుడు అది ఓపెన్ డిఫ్‌లాగే ఉండాలి. దాన్ని న్యూట్రల్‌లో మెల్లగా తిప్పి 20 ఫుట్-పౌండ్లు రాలేదని ప్లేట్లు మార్పించకండి. దానికి ఈ కొలత పనికిరాదు. లాక్ అయ్యేటప్పుడు టక్కుమని వినిపించే చప్పుడు కూడా చాలావరకు దాని స్వభావమే. మీ బండిలో అది ఉందో, బ్రేకులతో పని నడిపించే ఎలక్ట్రానిక్ రకం ఉందో వేరియంట్ కాగితాల్లో చూసుకోండి. రెండో రకమైతే విప్పి మార్చడానికి లోపల క్లచ్ ప్లేట్లే ఉండవు.

మళ్లీ మస్టాంగ్‌కి వస్తే, షాపుకి వెళ్లేవాళ్లు బేరానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి: బ్రేక్‌అవే ఎంత వచ్చింది, పాత ప్లేట్లు నాకు చూపిస్తారా, లాక్ బోల్టు కొత్తది వేస్తారా. మొదటిదానికి అంకె చెప్పకుండా "ప్లేట్లు పోయాయండి, చప్పుడు వింటేనే తెలుస్తోంది" అన్నారంటే, తాళాలు తీసుకుని ఎక్స్‌ఎల్-3 సీసా కొనుక్కుని ఇంటికి వచ్చేయండి. ఆ సీసాతో తగ్గకపోతే అప్పుడు ఇంకో షాపు చూసుకోవచ్చు.